ఏడంటే చలి

ఫ్రిజ్ మెకానిక్‌కీ అతని తోడల్లుడికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇద్దరూ కట్టుకున్నది అక్కచెల్లెళ్ళనే, ఉంటున్నది ఒకే వీధిలోనే, అయినా పదకొండేళ్ళుగా నేరుగా ఒక్క మాట లేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే మెకానిక్ తన పెళ్ళాంతో చెబుతాడు, ఆవిడ చెల్లెలికి ఫోను చేస్తుంది, ఆ చెల్లెలు మొగుడికి చేరవేస్తుంది. జవాబు కూడా అదే దారిన తిరిగొస్తుంది. ఇంత తతంగం ఎందుకయ్యా అంటే, మామగారింట్లో పదిమంది ముందు తోడల్లుడు అన్న ఒక మాట. "అన్నయ్యకేం, పాడైన ఫ్రిజ్‌ని ఒక్క తన్ను తంతే పనిచేస్తుంది. నావి ప్రాణమున్నవి."

పాతికేళ్ళుగా మోకాళ్ళ మీద కూర్చుని, వేడి కంప్రెసర్ల వెనక చేతులు కాల్చుకున్నవాడికి ఆ మాట ఎలా ఉంటుంది? తంతే పనిచేస్తుందట! ఆ మాటని మెకానిక్ ఇప్పటికీ నమిలి మింగలేదు.

తోడల్లుడి ఉద్యోగం కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో. అక్కడ గోడ పొడవునా ఒక గాజు పెట్టె, అందులో నాచు, తీగలు, నీటి పళ్ళెం, పద్నాలుగు కప్పలు. చల్లటి కొండల మీద పుట్టిన జీవాలు, ఇరవై నాలుగు డిగ్రీలు దాటితే డీలా పడతాయి. రోజూ పొద్దున్నే తోడల్లుడు గాజుకు చేతి వెనకభాగం ఆనించి, "ఇవాళ రెండు ఐసు ముక్కలు ఎక్కువ" అనో, "తడి చాలు" అనో తేల్చేవాడు. వాటిలో ముసలి ఆడకప్పంటే అతనికి పంచప్రాణాలు. దాన్ని "అమ్మగారూ" అని పిలుస్తాడని తెలిసి మెకానిక్ రెండు రోజులు నవ్వాడు.

అలాంటి చోటికి విభాగం పెద్ద మేడం మెకానిక్‌ని పిలిపించింది. మనిషి చెయ్యి పడకుండా పెట్టెలో వేడీ తడీ వాటంతటవే సర్దుకునే ఏర్పాటు చేయగలవా అని అడిగింది. సోమవారం పదింటికి వచ్చి చూస్తానంది. పనిచేస్తే తోడల్లుడిని గేటు దగ్గర రిజిస్టరు రాయడానికి పంపేస్తామని అడక్కుండానే చెప్పింది. మెకానిక్‌కి కడుపు చల్లబడింది.

వారం రోజులు చెమటోడ్చాడు. పాత ఫ్రిజ్ కంప్రెసర్ ఊడదీసి బల్ల కింద పెట్టాడు, రాగి గొట్టాన్ని గాజు వెనక మెలికలు తిప్పాడు. నాచులో వేడినీ తడినీ పసిగట్టే సెన్సర్లు పాతాడు. తడి తగ్గితే తుంపర కొట్టే పంపు, ఎక్కువైతే తిరిగే చిన్న ఫ్యాను, వేడెక్కితే కంప్రెసర్. ఎంత చల్లగా ఉండాలో పెట్టుకోవడానికి ఆ పాత ఫ్రిజ్ నాబ్‌నే బిగించాడు. దాని మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, అంతే.

ఆ వారమంతా తోడల్లుడు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "కప్పలకి షాకు కొడితే ఎవరు బాధ్యులో మీ అక్కనడుగు" అని పెళ్ళానికి ఫోన్లో, మెకానిక్‌కి వినపడేలా చెప్పాడు. మెకానిక్ కూడా ఫోను తీసి, "ముందు గుమ్మంలో వాగుతున్న కప్పకి కొట్టిస్తానని మీ చెల్లితో చెప్పు" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మెకానిక్ ఒక హోటల్ మేడ మీద ఏసీ విప్పుతుండగా ఫోను మోగింది.

"ఏవండీ, చెల్లి చేసింది. కిటికీలోంచి ఎండ సరాసరి పెట్టె మీద పడుతోందట. లోపల వేడెక్కుతోందట. ఏం చెయ్యమంటారు?"

"నాబ్ ఎంతలో ఉంది?"

"నాలుగులో ఉందట."

"ఏడుకి పెంచమను. పెంచి నోర్మూసుకుని కూర్చోమను."

పెంచమను! అతని నోట్లో ఆ మాటకు ఒకటే అర్థం. పెంచడమంటే చలి పెంచడం. ఫ్రిజ్‌ల మధ్య బతికినవాడికి ఇంకో అర్థం ఎక్కణ్ణుంచి వస్తుంది? కానీ ఇంట్లో ఫ్రిజ్ నాబ్ ఎటు తిరుగుతుందో కూడా ఎరగని తోడల్లుడికి "బావగారు ఏడుకి పెంచమన్నారు" అని చేరేసరికి ఒళ్ళు భగ్గుమంది.

"ఇక్కడ ఉడికిపోతుంటే ఇంకా పెంచాలా? నా కప్పల్ని చంపి నన్ను గేటుకి తొయ్యాలనా!" అని గింజుకుని, నాబ్‌ని గిర్రున ఒకటికి తిప్పాడు. ఐదింటికి గదికి తాళం పడింది. మెకానిక్ ఎత్తు చిత్తు చేశానన్న ధీమాతో తోడల్లుడు ఇంటికి పోయాడు.

సోమవారం పొద్దున్న తలుపు తీసేసరికి, మూసిన గది ఉక్కకి పెట్టెలో ముప్పై మూడు డిగ్రీలు. పదమూడు కప్పలు నీటి పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి ఎక్కి రొప్పుతున్నాయి. ముసలి ఆడకప్ప నాచు మీద వెల్లకిలా పడి ఉంది. మెకానిక్ వచ్చేటప్పటికి తోడల్లుడు పళ్ళెంలో ఐసు వేస్తున్నాడు. మెకానిక్ చూపు ముందు నాబ్ మీదికి పోయింది.

"ఏడన్నాను కదరా! ఏడు!" అని అరిచాడు. పదకొండేళ్ళ తర్వాత నేరుగా అన్న మొదటి మాట అదీ.

"ఏడులో పెట్టుంటే అన్నీ ఉడికి చచ్చేవి!"

"ఏడంటే చలిరా, మూర్ఖుడా!"

"ఎక్కడ రాశావు?"

మెకానిక్ నాబ్ చుట్టూ చూశాడు. ఎక్కడా రాయలేదు.

పదింటికి మేడం వచ్చింది. పెట్టెనీ నాబ్‌నీ చూసింది.

"ఎవరు తిప్పారు దీన్ని?"

"నేనే" అన్నాడు తోడల్లుడు.

"మనిషి చెయ్యి పడకూడదంటే సొంత తెలివి చూపించావన్నమాట. రేపట్నుంచి గేటుకి వెళ్ళు. ఇక్కడ పెట్టే చూసుకుంటుంది."

తోడల్లుడు చచ్చిన కప్పని తడిగుడ్డలో చుడుతున్నాడు. పదకొండేళ్ళుగా మెకానిక్ ఎదురుచూసింది ఇలాంటి రోజు కోసమే. నోరు మూసుకుంటే చాలు. మూసుకుందామనే చూశాడు కూడా, అబద్ధమెందుకు!

"తప్పు నాది మేడం" అన్నాడు తిట్టినట్టుగా. "ఏడంటే చలని ఫ్రిజ్ బాగుచేసేవాడికి తెలుసు, ఇతనికేం తెలుసు? చలి ఎటో, వేడి ఎటో నేను రాయలేదు. పైగా పెంచమన్నాను. ఇతన్ని గేటుకి పంపితే నా కంప్రెసర్ నేను ఊడదీసుకుపోతాను. సెన్సరుకి వేడి తెలుస్తుంది గానీ, ఏ కప్ప తిండి మానేసిందో తెలీదు."

మేడం ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఇద్దరూ ఉండి చావండి, వారం తర్వాత చూస్తాను" అని వెళ్ళిపోయింది.

ఇక ఇద్దరూ కౌగిలించుకున్నారనుకుంటున్నారేమో. అంత లేదు. తోడల్లుడు తల కూడా ఎత్తలేదు.

"నన్ను కాపాడానని ఊరంతా చెప్పుకోకు. అమ్మగారు పోయింది నీ అంకెల వల్ల కాదు. పెంచమన్నది నువ్వు కాబట్టి తగ్గించాను. ఇంకెవడు చెప్పినా ఏడుకే తిప్పేవాణ్ణి" అని, గుడ్డమూట పట్టుకుని బయటికి నడిచాడు.

మెకానిక్ మార్కర్ తీసి ఏడు కింద "చలి" అనీ, ఒకటి కింద "వేడి" అనీ రాశాడు. చోటు చాలక అక్షరాలు ఇరుకిరుకుగా పడ్డాయి. తోడల్లుడు తిరిగొచ్చి, వంగి ఆ రాత చూసి, ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు.

రెండు నిమిషాలకి మెకానిక్ జేబులో ఫోను మోగింది.

"ఏవండీ, మరిదిగారు చెప్పమన్నారట. అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా రాయమని."