వెనక చక్రాలకు బ్రేకు లేదు

మా అన్న భద్రాచలంలో ఒక డాక్టర్ సారు దగ్గర డ్రైవర్‌గా చేసేటోడు. సారుకు వాళ్ళ నాయిన కొన్న పాత ఫియట్ కారు ఉండె. గుండ్రటి ముక్కు, స్టీరింగ్ పక్కనే గేరు. ఎన్ని కొత్త కార్లు వచ్చినా సారు దాన్ని వదల్లేదు. ఆదివారం చర్చికి దాంట్లోనే వచ్చేటోడు. నేను దుమ్ముగూడెం దగ్గర ఒక బడిలో టీచర్‌ని. సెలవులకు ఇంటికొస్తే అన్న ఆ కారు ముచ్చట్లే చెప్తుండె. ఏ గుంతలో ఎట్ల మూలుగుతదో, చలికాలం పొద్దున దాన్ని ఎట్ల బుజ్జగించాల్నో.

ఒక ఎండాకాలం బ్రేకులు సరిగ్గ పడతలేవని సారు కారును ఖమ్మం పంపిండు. అక్కడ పేరున్న షెడ్డు ఒకటుండె. ఆఫీసర్ల బండ్లన్నీ అక్కడికే పోయేవి. తయారైందని ఫోనొస్తే అన్న పోయి తెచ్చుకున్నడు. నాలుగు చక్రాలకూ కొత్త సామాను వేసినమని, ఇంక దిగులు లేదని షెడ్డు యజమాని చెప్పిండంట. అన్న ఖమ్మం బజార్లో ఒక చుట్టు తిప్పి చూసిండు. తొక్కితే ఆగింది. అట్లనే ఇంటిదారి పట్టిండు.

పాల్వంచ దాటినంక అడవిలో రోడ్డు పల్లంలోకి దిగుతది. అక్కడ రెండు మూడుసార్లు బ్రేకు మీద కాలు పెట్టేసరికి కారు మాట వినుడు మానేసింది. పెడల్ గట్టిగనే ఉంది, కారు మాత్రం ఆగుతలేదు. కింద మలుపులో ఇప్పపువ్వు గంప నెత్తిన పెట్టుకొని ఒక కోయామె రోడ్డు దాటుతుండె. అన్న హారన్ కొట్టిండు, గేరు తగ్గించిండు, హ్యాండ్ బ్రేకు గుంజిండు. అది వట్టిగనే పైకి లేచొచ్చింది. కారు ఆమెకు తగిలి, పక్కన చెట్టుకు గుద్దుకొని ఆగింది. అన్న దిగి ఉరికేసరికే ఆమె పాణం పోయింది. రోడ్డంతా ఇప్పపువ్వు.

మరునాడు పోలీస్ స్టేషన్ ఆవరణలో ఇన్‌స్పెక్టర్ ఆ కారులో కూర్చొని పెడల్ తొక్కి చూసిండు. గట్టిగ ఉంది. బ్రేకులు మంచిగనే ఉన్నయని రాసిండు. షెడ్డు యజమాని కూడా అదే చెప్పిండు. ఇంకేముంది, డ్రైవర్ జోరుగ తోలిండన్నరు. తొక్కిన, ఆగలేదని అన్న అందరికీ చెప్పిండు. ఒప్పుకుంటే తక్కువలో పోతదని వకీలు చెప్తే కోర్టులో తల ఊపిండు. కొంతకాలం జైల్లో ఉండి వచ్చిండు.

తర్వాత అన్న మళ్ళ స్టీరింగ్ పట్టలేదు. కలప డిపోలో వాచ్‌మన్‌గా చేరిండు. బ్రేకు తొక్కిన అనే మాట కూడా మెల్లమెల్లగ మానేసిండు. ఒకసారి మా అమ్మతోని, "నేనే సరిగ్గ తొక్కలేదేమో" అన్నడు. అమ్మ లేచి వంటింట్లకు పోయింది.

ఏటా ఎండాకాలం అన్న ఆ చనిపోయినామె గూడేనికి పోయేటోడు. ఆమె మొగుడు మొదట్ల గుడిసెలోంచి బయటికే రాలేదంట. అన్న చెట్టుకింద కూర్చొని కూర్చొని తిరిగొచ్చేటోడు. కొన్నేండ్లకు ఆయన బయటికొచ్చి మంచం వాల్చిండు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే మంచం మీద, మాట్లాడకుంట కూర్చునేటోళ్ళంట.

డాక్టర్ సారు చనిపోయినంక డాక్టరమ్మ అన్నకు కబురు పెట్టింది. స్టేషన్ నుంచి తెచ్చిన కారు ఇంకా వాళ్ళ పెరట్లో రేకులకిందనే ఉంది. నీకు కావాలంటే తీస్కపో, లేకుంటే పాత ఇనుముకు ఇచ్చేస్తనన్నది. అన్నకు వద్దు. కానీ అది ఇనుముకు పోయేముందు ఒక్కసారి చూస్తనన్నడు. నేనూ వెంట పోయిన.

ముక్కు నలిగిపోయి, కారు దుమ్ము కొట్టుకొని ఉంది. అన్న చాలాసేపు దాని చుట్టూ తిరిగిండు. తర్వాత జాకీ పెట్టి ఒక్కో చక్రం విప్పుడు మొదలుపెట్టిండు. డాక్టరమ్మ పంపిన చాయ చల్లారిపోయింది. కారు కిందికి దూరినోడు ఎంతకీ బయటికి రాలేదు.

"చెల్లె, ఇటు రా."

నేను వంగి చూసిన. వెనక చక్రాలకు బ్రేక్ ఆయిల్ పోయే సన్న పైపును నడుమల కోసి, కొసను మడిచి, సుత్తితో కొట్టి మూసేసిండ్రు. వెనక్కి ఒక్క చుక్క పోయే దారి లేదు. హ్యాండ్ బ్రేకు తీగను తిరిగి తగిలించనే లేదు, ఉత్తగ వేలాడుతుంది. ముందు చక్రాల్లో కొత్తవని చెప్పిన బ్రేకు పట్టీలు పాతవే. నూనె తాగి నల్లబడినవాటిని పైపైన రుద్ది మళ్ళ బిగించిండ్రు. వేడికి మాడి అవి నున్నగ మెరుస్తున్నయ్.

అన్న నేలమీదనే కూర్చున్నడు. "ఊర్లె తిప్పితే ముందటి రెండే ఆపుతయ్. పల్లంలో కాలితే జారుతయ్. చల్లారితే మళ్ళ పట్టుకుంటయ్. గందుకే ఇన్‌స్పెక్టర్ తొక్కినప్పుడు మంచిగున్నయ్" అన్నడు. అతని గొంతులో కోపం లేదు. పరాయి మనిషి గురించి చెప్తున్నట్టు చెప్పిండు. నేను మాత్రం ఏడ్చిన.

ఖమ్మం పోయినం. షెడ్డు ఇంకా పెద్దదయింది. యజమాని మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టిండు. ఆ పని చేసినోడు ఎన్నడో మానేసి పోయిండన్నడు. అంత పాత కారుకు సామాను దొరకదు, నడిచేటట్టు చేసిచ్చినమన్నడు. అన్న చేతులు ఒళ్ళో పెట్టుకొని వింటూ ఉన్నడు. వకీలును అడిగితే, ఇన్నేండ్లు పెరట్లో పడి ఉన్న కారు పైపు గుద్దకముందే కోసి ఉందని ఎవరు నమ్ముతరన్నడు.

నాకు మాత్రం ఒక ఆశ ఉండె. గూడెంలో ఆ చనిపోయినామె మొగునికి చెప్తే అన్న గుండె బరువన్నా దిగుతదనుకున్న. ఇద్దరం పోయినం. ఆయన ఎప్పటిలెక్కనే మంచం వాల్చిండు. ఆయన బిడ్డ నీళ్ళు తెచ్చి పక్కన నిలబడ్డది. అన్న అంతా చెప్పిండు, పైపు సంగతి చేతులతో చూపించి మరీ చెప్పిండు.

ఆయన శాంతంగ విన్నడు. "బ్రేకుంటే ఆగేదా?" అని అడిగిండు.

"అవ్. ఆగేది."

ఆ మాటతో ఆయన ముఖం మారిపోయింది. "ఇన్నేండ్లు నీ చేతిల పోయిందనుకున్న. నువ్వు వస్తుంటే, నిన్ను చూస్తుంటే, కోపం కొంచెం కొంచెం తగ్గింది. ఇప్పుడు మళ్ళ మొదటికి తెచ్చినవ్. ఆ ఖమ్మం షెడ్డోణ్ణి నేనెక్కడ చూడాలె?"

ఆయన లేచి లోపలికి పోయిండు. బిడ్డ మా చేతిలో గ్లాసులు తీసుకున్నది. ఎండ దిగేదాకా కూర్చున్నం గాని ఆయన మళ్ళ బయటికి రాలేదు.

బస్సులో అన్న కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నడు. చెప్పకుంట ఉండాల్సిందా అని అడిగిన. తెల్వదన్నడు.

మరుసటి ఏడు ఎండలు ముదిరినంక అన్న గూడేనికని బయలుదేరి బస్టాండు దాకా పోయి తిరిగి వచ్చిండు. బస్సు దొరకలేదా అని అమ్మ అడిగింది. దొరికిందన్నడు. అన్నం పెట్టమంటవా అంటే, కాసేపాగి తింటనని గోడదిక్కు తిరిగి పండుకున్నడు.