అరచేతి కింద చప్పుడు

దయాసాగర్‌కు చెవులు వినపడవు. అయినా గోదావరిఖనిలో బండి ముందు చక్రాల దగ్గర ఏ చప్పుడొచ్చినా ఆయన పనిచేసే షెడ్డుకే తెస్తారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఇదేనని నవ్వేదీ వాళ్లే, బండి తెచ్చేదీ వాళ్లే.

బొగ్గుబాయిలో ఏళ్ల తరబడి డ్రిల్లు పట్టి చెవులు పోగొట్టుకున్నాడు. అన్‌ఫిట్ అయి ఇంటికొస్తే ఆ నౌకరి కొడుకు ఎలీషాకు వచ్చింది. ఊరికే కూర్చోలేక బామ్మర్ది మెకానిక్ షెడ్డులో పానా పట్టి పని నేర్చుకున్నాడు. ఇంట్లో ఆయనతో మాట్లాడాలంటే అరవాలి. డ్యూటీ దిగినవాడికి అరిచే ఓపిక ఎక్కడిది? తండ్రీకొడుకుల మధ్య మాటలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

ఆ మధ్యాహ్నం లింగమూర్తి తన జీపులో సెకండ్ షిఫ్టు వాళ్లను బాయికి తీసుకెళ్తూ షెడ్డు ముందు ఆపాడు. ఎలీషా కూడా అందులోనే ఉన్నాడు. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు, ముందు ఎడమవైపు కటక్కుమంటోంది. ఒక మెకానిక్ షాకబ్జర్లు మార్చాడు, ఇంకొకడు బుష్‌లు మార్చాడు. చప్పుడు పోలేదు. మనుషులు దిగితే మాత్రం వినపడదు. అందుకని కాళ్ల దగ్గరి టిఫిన్ క్యారియర్లే మోగుతున్నాయని తేల్చేసి, అందరూ వాటిని ఒళ్లో పెట్టుకుని ప్రయాణం చేస్తున్నారు. అయినా ఆగకపోయేసరికి ఇవాళ ఇక్కడ ఆగారు.

దయాసాగర్ జాకీ పెట్టి చక్రం లేపాడు. కింద దూరి, చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ మీద అరచెయ్యి ఆనించి, చక్రాన్ని ఊపమని సైగ చేశాడు. బాయిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసేదీ అలాగే. ఒక చేత్తో కడ్డీతో కొట్టి, రెండో చెయ్యి బండకు ఆనిస్తారు. గట్టి బండ ఊరుకుంటుంది, వదులైంది అరచేతిలో అదురుతుంది. చెవులు పోతున్న రోజుల్లో ఆయన ఆ చేతిని నమ్ముకునే బతికి బయటపడ్డాడు.

జాయింట్ అదిరింది. బండి కదలడానికి లేదన్నాడు.

లింగమూర్తి ఆయన చెవి దగ్గర నోరు పెట్టాడు. "గీ ఒక్క ట్రిప్పు ఏసి వస్త కాక. నీ కొడుకు గూడ ఇందులనే ఉన్నడు. మెల్లగ తోల్త."

కొడుకు ఉన్నాడనే కదా ఆయన బాధ. బోల్టులు విప్పి, చక్రాన్ని షెడ్డులోకి దొర్లించి, దాని మీద కూర్చున్నాడు.

తెలంగాణ కోసం జీతాలు వదులుకుని చేసిన సమ్మె ముగిసి ఎన్నాళ్లో కాలేదు. టైముకు హాజరు పడక మస్టరు పోతే ఆ రోజు జీతం పోయినట్టే. జనం తిట్టుకుంటూ ఆటోల కోసం పరుగెత్తారు. ఎలీషా మాత్రం అక్కడే నిలబడి చాలా రోజులకు అరిచాడు.

"నీకేంది బాపు, ఇంట్ల కూసుంటవ్. పోయేది నా మస్టర్."

"రేపు డ్యూటీ ఎక్కుతవ్ బిడ్డా," అని దయాసాగర్ సుత్తి అందుకున్నాడు. ఇంట్ల కూసుంటవ్ అన్న కొడుకు మాట గుచ్చుకుంది కానీ ఆయనకు కోపానికి కూడా ఓపిక లేదు.

జాయింట్ ఊడగొట్టడానికి మామూలుగా తలప్రాణం తోకకొస్తుంది. ఇది ఒక్క దెబ్బకే ఊడి, రెండు ముక్కలుగా నేల మీద పడింది. దారిలో విరిగి ఉంటే చక్రమే ఊడిపోయేదని తెలిసి లింగమూర్తి గడప మీద కూలబడ్డాడు. ఎలీషా ముక్కలను చూస్తూ పెదవుల్లోనే ఏదో అన్నాడు.

"ఏమన్నవ్?" అని దయాసాగర్ అడిగాడు.

ఎలీషా ఈసారి అరవలేదు. పక్కన కూర్చుని, తండ్రి గ్రీజు చేతిని తీసి తన గొంతు మీద పెట్టుకున్నాడు.

"తిన్నవా బాపు?"

మాట ఏమిటో దయాసాగర్‌కు తెలియలేదు. అరచేతి కింద కొడుకు గొంతు అదిరింది. చెయ్యి తీయబుద్ధి కాలేదు. ఎలీషా ఆ చేతిని అలాగే పట్టుకుని, రెండో చేత్తోనే తన టిఫిన్ క్యారియర్ విప్పాడు.