ఇసుకకు అడ్డం నిలిచిన కొండలు

మంచుకు బండ్లు జారకుండా చలికాలమంతా రోడ్లమీద చల్లిన ఇసుకను ఊడ్చే బండి మొన్న సస్కటూన్‌లో మా వీధికి వచ్చింది. దుమ్ముకు కిటికీ మూస్తుంటే, మన దేశం నుంచి విద్యార్థులు వెల్లువలా ఇక్కడికి వచ్చిపడ్డ ఆ రోజుల్లో మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న తాడిపత్రి అమ్మాయి గుర్తొచ్చింది. యూనివర్సిటీలో పర్యావరణం చదివేది, సాయంత్రాలు కాఫీషాపులో పనిచేసేది, నా పప్పుచారులో కారం చాల్లేదని రోజూ వంక పెట్టేది. ఎడారి అంచునున్న ఆరావళి కొండలమీద వ్యాసం రాయాల్సి వచ్చినప్పుడు నన్ను సలహా అడిగింది. ముప్పయ్యేళ్లు గుంటూరులో సోషల్ టీచరుగా చేసినదాన్ని, అడిగితే ఊరుకుంటానా? "పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించెయ్యమ్మా. సొంత పైత్యం కలిపితే మార్కులు పోతాయి" అన్నాను. మా బడిలో పిల్లలు సొంతంగా రాసిన వాక్యాలను ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని. అది నా పద్ధతి.

ఆ పిల్ల బుద్ధిగా దించింది. హిమాలయాలకంటే ఎంతో పాతవి, అరిగి అరిగి పొట్టివైనవి, రాగి కోసం వేల ఏళ్ల కిందటే మనుషులు తవ్వుకున్నవి, అంతా కామాలతో సహా. వారం తిరక్కుండా, కాపీ కొట్టావంటూ యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. కమిటీ ముందు కూర్చుని, కాగితం లేకుండా ఆ కొండల గురించి చెప్పాలట. చెప్పలేకపోతే సస్పెన్షన్, దాంతో ఇక్కడ ఉండి చదవడానికిచ్చిన స్టడీ పర్మిట్‌కే ఎసరు. నాకు అన్నం సయించలేదు.

కమిటీకి ముందురోజు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి చెప్పమంటే, మళ్లీ అదే పాఠం గడగడా అప్పజెప్పింది. "నీకు తెలిసింది చెప్పవే తల్లీ" అని విసుక్కున్నాను.

"తెలిసిందంటే... ఒకసారి ఎండాకాలం సెలవుల్లో మా నాయన లారీలో ఆ కొండలకాడికి పోయినా ఆంటీ, మార్బుల్ తెచ్చేదానికి. కొండకు పడమటి పక్క ఇసుక సగం దాకా ఎక్కింటాది. ఇటుపక్క చెట్లుంటాయి. మేకలు మేసీ మేసీ ఆ చెట్లు నేలకు కరుచుకోనుంటాయి. కొండ యాడ తెగిందో ఆడ్నుంచే ఇసుక ఇవతలికొచ్చేసింది. మార్బుల్ కోసం కొండను కోస్తా ఉంటే మా నాయన, ప్రహరీ కూల్చి ఇంట్లో బండలు పరుచుకుంటాండాం పాపా అన్న్యాడు."

"మరి ఇదెందుకు రాయలేదు?"

"సొంతవి వద్దని మీరే అంటిరి కదా ఆంటీ."

నాకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది.

మర్నాడు కమిటీ ముందు అవే మాటలు చెప్పింది. విన్నవాళ్లు దాన్నే వ్యాసంగా రాసిమ్మన్నారు. చదువు దక్కింది, ఆ తర్వాత రెండేళ్లకు ఉద్యోగమొచ్చి హాలిఫాక్స్ వెళ్లిపోయింది. నా ముప్పయ్యేళ్ల ఎర్రసిరా కింద ఎంతమంది పిల్లలు కళ్లారా చూసిన కొండలు పోయాయో, ఇప్పుడు అడుగుదామన్నా వాళ్లకే గుర్తుండి ఉండదు.