సైదమ్మ ఎక్స్‌రే

మా ఆయన దగ్గుకు తీయించిన ఎక్స్‌రే తీసుకుని, ఆయన్ని ఆసుపత్రిలోనే ఉంచి, నరసరావుపేటలో నేనొక్కదాన్నే మాచర్ల బస్సెక్కాను. ఊపిరితిత్తిలో మచ్చ ఉందని డాక్టరు చెప్పాడు. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు.

పక్క సీటు కుర్రాడు నా చేతిలోని కవరు వంకే చూస్తున్నాడు.

"ఛాతీ ఫొటోనా పిన్నీ? గుంటూరులో డాక్టరు చదువుతున్నా. ఇవి చూడటం ఇప్పుడే నేర్చుకుంటున్నాం. ఒకసారి ఇస్తారా?"

రోగులను మాటల్లో పెట్టి నర్సింగ్ హోములకు లాక్కుపోయే బ్రోకరేమో అనుకున్నాను. ఫిల్ము ఇచ్చానుగానీ ఒక కొస వదల్లేదు. అతను కిటికీ వెలుతురులో చూశాడు.

"ఎవరిది?"

"మా ఆయనది."

"మగమనిషిది కాదు పిన్నీ. కింద ఈ రెండు నీడలూ రొమ్ములవి."

"ఏందయ్యా ఆ మాటలు, సిగ్గులేదా!" అని లాక్కున్నాను.

అతను తల దించుకున్నాడు. "నన్ను నమ్మొద్దు. మూలన పేరుంది, కండక్టరుతో చదివించుకోండి."

కండక్టరు చదివాడు. "సైదమ్మ. ఏందమ్మా, మీ ఆయన పేరు సైదమ్మా?" బస్సంతా నవ్వింది.

పిడుగురాళ్లలో దిగి వెనక్కి ఆసుపత్రికి పోయాను. మళ్లీ తీయిస్తే మా ఆయనకు మచ్చ లేదు.

"మరి సైదమ్మ?" అన్నాను.

"పొద్దున్నే వచ్చింది. ఏమీ లేదని డాక్టరు చెప్తే చానా సంబరంగా పోయింది," అన్నాడు కాంపౌండరు. ఊరు రాసుకోలేదట.

ఇప్పటికీ బస్సులో ఏ ఆడమనిషి దగ్గినా పేరు అడుగుతాను.