ఓడలో ఎవరెవరు ఎక్కారని అడిగిన మా మేడం

మా సోషల్ మేడం పోయారు. పోయిన సోమవారం పొద్దున, కుప్పంలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయలుదేరుతుంటే పుంగనూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. "మీ మేడమ్మ పొయ్యింది మా. కాఫీ తాగతా తాగతా అట్లే ఒరిగిపొయ్యిందంట. నువ్వు బిన్నా రా, మొదటి బస్సుకే" అంది. అవతల అమ్మ ముక్కు చీదుకోవడం వినపడుతూనే ఉంది. ఒకప్పుడు మేడం మీద రాసిన ఫిర్యాదు కింద వేలిముద్ర వేసిన మనిషి మా అమ్మ. ఆ సంగతి చెప్పాలంటే ముందు సినిమాల సంగతి చెప్పాలి.

పుంగనూరులో మేం చదివిన హైస్కూల్లో ఆమె సోషల్ చెప్పేవారు. ఆమెకు సైన్స్ ఫిక్షన్ సినిమాలంటే పిచ్చి. గ్రహాంతరవాసులు దిగే సినిమా, రోబోలు తిరగబడే సినిమా, భూమి బద్దలయ్యే సినిమా, ఏది తెలుగులో డబ్ అయి మదనపల్లెకు వచ్చినా ఆదివారం మ్యాట్నీకి ఆమె అక్కడ ఉండాల్సిందే. ఇంట్లో ఒప్పుకున్న ఆడపిల్లల్ని నలుగురైదుగుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కేవారు. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లను కాదు, క్లాసులో ఎక్కువగా ఎదురు ప్రశ్నలు వేసినవాళ్లను. నా మార్కులు అంతంత మాత్రం. నన్నెప్పుడూ వదిలిపెట్టలేదు.

ఆమెతో సినిమా చూడటం అంత సులభం కాదు. పక్కవాళ్లు విసుక్కునేలా గుసగుసలాడేవారు. వేయించిన చెనక్కాయలు ఒలుచుకు తింటూ పొట్టు మా ఒళ్లోకి రాల్చేవారు. ఫైటింగులు మొదలైతే హాయిగా నిద్రపోయేవారు. "ఎవురు గెలుస్తారో తెలిసిందే కదమ్మా. యాల కొట్టుకుంటా ఉండారో ఆ మాట వొచ్చినప్పుడు లేపు" అనేవారు. కానీ అంతరిక్ష ఓడ పైకి లేచినా, ఏదైనా గ్రహం మొదటిసారి తెర నిండా కనపడినా చిన్నపిల్లలా ముందుకు వంగి కూర్చునేవారు. ఆ రాయలసీమ ఉక్కలో, ఆ ముక్కిపోయిన వాసన హాలులో, శని వలయాలు చూసి ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

మొదటిసారి నన్ను తీసుకుపోయిన సినిమాలో ఆకాశం నుంచి శత్రువులు దిగి ఒక పెద్ద నగరాన్ని కాల్చేస్తారు. తిరుగు బస్సులో ఆమె అడిగారు: "అంత దూరం నుంచి వచ్చినోళ్లు మన మదనపల్లెలో యాల దిగలేదు?"

"ఇంగ్లీషు రాని ఊరికి రామన్నారేమో మేడం" అంది మాలో ఒకామె. బస్సంతా నవ్వింది. మేడం కూడా నవ్వారు. నవ్వు ఆగాక చెప్పారు: "ఎవురు కత సెప్తే వాళ్ల ఊరే లోకమవుతుంది. అందులో తప్పేం లేదు. సూసే మనకు ఆ సంగతి తెలిసుండాల, అంతే."

పాఠం చెప్పేటప్పుడు ఆమెది పుస్తకాల తెలుగు. సినిమా గురించి మాట్లాడితే మాత్రం మా ఇళ్లలో మాట్లాడే భాష వచ్చేసేది. అది కావాలని చేసేవారని తొమ్మిదో తరగతిలో తెలిసింది. ఒక డబ్బింగు సినిమాలో అధ్యక్షుడు, సైంటిస్టు, హీరో అందరూ శుభ్రమైన తెలుగు మాట్లాడారు. ఓడలో బరువులు మోసే తుప్పుపట్టిన రోబో ఒక్కటి మాత్రం "యాడికి బోవాలప్పా, కాళ్లు నొస్తాండాయి" అంది. హాలంతా ఈలలు. మేమూ పడీ పడీ నవ్వాం. మేడం నవ్వలేదు.

సోమవారం క్లాసులో అడిగారు. "ఆ రోబో మాట ఎవురి మాట?"

"మనదే మేడం."

"అధ్యక్షుడి మాట?"

జవాబు కోసం ఆగకుండా ఆమె బల్లలు పక్కకు జరిపించి, ఆ సినిమాలో చివరి సన్నివేశాన్ని మా మాటలో ఆడమన్నారు. అధ్యక్షుడి వేషం నాకిచ్చారు. కుర్చీ ఎక్కి, ప్రపంచ ప్రజలందరినీ ఉద్దేశించి, "అయ్యా, అమ్మా, బయపడొద్దండి, నేనుండాను, మనమందరం ఒగటిగా ఉండాము" అన్నాను. మొదటి మాటకు అందరూ నవ్వారు. మూడో మాటకు ఎవరూ నవ్వలేదు. ఆ భాషలో కూడా ధైర్యం చెప్పవచ్చని ఆ కుర్చీ మీద నిలబడ్డప్పుడే నాకు తెలిసింది.

ఆ సంవత్సరమే ఫిర్యాదు వచ్చింది. ఆడపిల్లల్ని సినిమాలకు తిప్పుతోంది, చదువు పాడుచేస్తోంది అని ఎవరో కాగితం రాసి, ఇల్లిల్లూ తిప్పి హెడ్మాస్టరు గారికి ఇచ్చారు. అమ్మ అప్పట్లో టమాటా మండీలో కాయలు ఏరే పనికి పోయేది. నలుగురూ వేస్తున్నారని తనూ వేలిముద్ర వేసి వచ్చి నాతో చెప్పింది: "సినిమాలు సూసేదానికి ఇస్కూలు యాల? పదో తరగతి అయినంక నాతో మండీకి రా." నేను ఏడ్చాను. అమ్మ మెత్తబడలేదు. తండ్రి లేని ఇల్లు మాది. ఆమె భయం ఆమెది.

మేడం ఎవరితోనూ వాదించలేదు. హెడ్మాస్టరు గారిని ఒకే ఒక్కటి అడిగారు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒక సినిమా బడిలోనే వేస్తాను, వేలిముద్రలు వేసిన తల్లులే వచ్చి చూసి చెప్పాలి అని. ఆయన తానూ కూర్చుంటానన్న షరతు మీద ఒప్పుకున్నారు. మేడం ఇంటింటికీ తిరిగి పిలిచారు. మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుని అమ్మతో, "నువ్వు రాకుంటే కుదరదు మా. నీ బిడ్డకు నేనేం సూపిస్తాండానో నువ్వు సూడాల కదా" అన్నారు.

పదిమందికి పైగా వచ్చారు. పిల్లలం మేమూ ఒక మూల కూర్చున్నాం. మండీ నుంచి నేరుగా వచ్చినవాళ్ల చీరలకు టమాటా మరకలు. కిటికీలకు దుప్పట్లు కట్టి, అడిగి తెచ్చిన ప్రొజెక్టరుతో గోడ మీద సినిమా వేశారు. భూమి మునిగిపోతుంటే కొద్దిమందిని పెద్ద ఓడలో ఎక్కించి వేరే గ్రహానికి పంపే కథ. ఓడ కదిలినప్పుడు తల్లులందరూ ఒక్కసారిగా "అమ్మా" అన్నారు. సినిమా అయిపోయింది. దుప్పట్లు తీశారు. మేడం సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డారు.

"ఓడలో ఎవరెవరు ఎక్కినారమ్మా?"

మంత్రులు, మిలిట్రీవాళ్లు, డాక్టర్లు, సైంటిస్టులు, ఒక కుక్క. ఒక్కొక్కరూ చెబుతుంటే ఆమె రాస్తున్నారు. అప్పుడు వెనక నుంచి మా అమ్మ గొంతు వినపడింది.

"ఇత్తనాలు డబ్బాల్లో పెట్టుకున్నారు గానీ మేడమ్మా, ఇత్తేదానికి సేతనైనోళ్లను ఒగర్ని గూడా ఎక్కించుకోలేదే?"

మేడం చేయి ఆగిపోయింది. "ఇంకోసారి సెప్పు మా" అన్నారు. అమ్మ సిగ్గుపడుతూ మళ్లీ చెప్పింది. ఆ మాటను ఆమె ఉన్నదున్నట్టు, 'విత్తనాలు' అని దిద్దకుండా 'ఇత్తనాలు' అనే రాశారు. నన్ను లేచి చదవమన్నారు. నేను చదువుతుంటే అమ్మ బోర్డుకేసి, నా నోటికేసి మార్చి మార్చి చూసింది. "అది నా మాటేనా?" అని పక్కామెను అడిగింది. హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇరవై ఏండ్లుగా పాఠాలు చెప్తాండాను, నాకు తట్టలేదే ఈ మాట" అన్నారు. ఫిర్యాదు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి నడుస్తూ అమ్మ వీధి మలుపులో ఆగి, "ఇట్లా సినిమాలను సదివేదానికి ఎంతవరకు సదవాల?" అని అడిగింది. నాకు తెలియదు. "చానా చదవాల" అన్నాను. "సదువు మరి" అంది. అంతే. మండీ మాట మళ్లీ రాలేదు.

నేను చానానే చదివాను. ఈ సినిమాల రాజకీయాల మీదే పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాను. సిద్ధాంత వ్యాసం మొదటి ప్రతి మేడం చేతిలో పెట్టాను. ఆమె నెలరోజులు పెన్సిలు పట్టుకుని చదివారు. పొగుడుతారని వెళ్లాను. "అంతా నిజమే. సైన్యం పెత్తనం, రంగు తేడా, ఎవురి భూమి ఎవురు తవ్వుకుంటా ఉండారనేది, అన్నీ పట్టుకున్నావు" అన్నారు. వ్యాసం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. "కానీ ఇన్ని పేజీల్లో నువ్వు ఒక్క సోటన్నా నోరు తెరుసుకోని సూసినట్టు లేదే? ఆ ఓడ లేసినప్పుడు మీయమ్మ 'అమ్మా' అనింది. ఆ మాట అన్నందుకే తరవాత ఆ ఇత్తనాల మాట అనగలిగింది."

నాకు ఉక్రోషం వచ్చింది. ఐదారు నెలలు ఫోన్ చేయలేదు. ఆమె కూడా చేయలేదు. ఆమె పంతం తక్కువదేమీ కాదు. చివరికి అమ్మే నన్ను తిట్టి పంపింది.

వెళ్లేసరికి ఆమె చూపు బాగా తగ్గిపోయింది. అలిగిన సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. లాప్‌టాప్ తెరిచి కొత్తగా వచ్చిన సినిమా పెట్టాను. "ఏం కనపడతా ఉండాదో సెప్పు" అన్నారు. ఆ గ్రహం మీద ఇసుక ఏ రంగులో ఉందో, ఎంత గాలి వీస్తోందో చెప్పాను. రెండు చందమామలు పొడిచాయని చెప్పాను. చెబుతున్నకొద్దీ తప్పులు పట్టుకోవడం మరిచిపోయి నేను చూస్తూ ఉండిపోయాను. ఆమె నా మోచేయి మీద తట్టి, "ఇప్పుడు సరిగ్గా సూస్తాండావు" అన్నారు. ఫైటింగు మొదలైంది. ఆమె నిద్రపోయారు.

ఇప్పుడు ఆ వ్యాసాన్ని పుస్తకంగా తిరగరాస్తున్నాను. మొదటి అధ్యాయంలో ఓడ కదులుతుంది, అమ్మ ఆశ్చర్యపోతుంది. ప్రశ్నలన్నీ ఆ తర్వాతే. సోమవారం సాయంత్రం మేడం ఇంటి ముందు నిలబడ్డ ఆడవాళ్లను చూస్తే ఇంకా చాలామంది తమ తమ పుస్తకాలు రాయగలరనిపించింది. నర్సులు, కండక్టర్లు, టీచర్లు, మండీలో పనిచేసేవాళ్లు. ఒకామె నన్ను పట్టుకుని, "ఆమె పుణ్యమా అని నేను ఏ సినిమానూ మామూలుగా సూడలేను, నా మొగుడు నాతో సినిమాకు రానంటాడు" అని ఏడుస్తూనే నవ్వింది.

మొన్న శుక్రవారం కుప్పంలో మా డిగ్రీ పిల్లల్ని మ్యాట్నీకి తీసుకుపోయాను. సముద్రంలోంచి లేచిన ఒక పెద్ద జంతువు నగరాన్ని తొక్కేసే సినిమా. బయటికి వచ్చేసరికి కళ్లు తెరవలేనంత ఎండ. రైలు గేటు దగ్గర ఆగాం. రామకుప్పం నుంచి వచ్చే అమ్మాయి ఒకతె, ఏడాదంతా క్లాసులో నోరు విప్పని పిల్ల, ఉన్నట్టుండి అంది: "మేడం, మా రాగిసేన్లో ఏనుగులు పడితే మా నాయన తిడతాడు, తరుముతాడు. కానీ వాటికి ఆకలని ఆయనకు తెలుసు. ఈ సినిమాలో అంతమంది సైంటిస్టులుండారు, దానికి ఆకలేమో అని ఒక్కరూ అన్లేదు."

"ఆకలైతే ఊరంతా తొక్కాల్నా?" అన్నాడొకడు. "దాని అడివి యాడుండాదో ముందు సూపించమను!" అంది ఆ పిల్ల. సరిహద్దు ఊరు కదా, ఇంకొకరు తమిళంలో అందుకున్నారు. అంతలో బెంగళూరు రైలు వచ్చింది. ఆ రొదలో ఒక్క మాటా వినపడలేదు. ఎండలో వాళ్ల పెదవులు కదులుతున్నాయి, చేతులు తిరుగుతున్నాయి. ఆ పిల్ల రెండు చేతులూ బారచాపి ఆ జంతువు ఎంత పెద్దదో చూపిస్తోంది. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి.