రాళ్ళక్క

హైవే పక్కన ఉన్న ఆ విశ్రాంతి కేంద్రంలో మరుగుదొడ్లు కడిగే ఆవిడను డ్రైవర్లందరూ రాళ్ళక్క అంటారు. లారీ ఆగిపోతే వెనక వచ్చేవాళ్ళకు తెలియడానికి రోడ్డు మీద రాళ్ళు పేరుస్తారు కదా, అంతవరకూ బాగానే ఉంది. బండి బాగయ్యాక వాటిని ఎవడు తీస్తాడు? ఎవడూ తీయడు! చేతులు దులుపుకుని చక్కా పోతారు. ఈవిడే చీపురు పక్కన పడేసి వెళ్ళి ఏరుతుంది. అలా వదిలేసిన రాయి మీదికే ఒకనాడు ఆమె మొగుడి మోటారు సైకిల్ ఎక్కింది. అప్పటి నుంచి ఆయన మంచం దిగలేదు.

ఇక ఆ కేంద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. గోడల నిండా ఉమ్ములు. కుళాయి తిప్పితే గాలి. ‘డ్రైవర్ల విశ్రాంతి గది’ అని అంతంత అక్షరాలతో బోర్డు పెట్టారు గానీ తలుపుకు తాళం. లోపల మేనేజరుగారి బావమరిది తాలూకు కూల్ డ్రింకుల పెట్టెలు హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నాయి. మనుషులేమో రోడ్డు వారన లారీల కింద పడుకోవాలి. థూ, ఏం బతుకులు!

ఆ మధ్యాహ్నం ఆమె తమ్ముడు వచ్చాడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిందతన్ని. ఇప్పుడు లారీ నడుపుతున్నాడు.

“మలుపు దగ్గర టైరు పంక్చరైందక్కా. తల ప్రాణం తోకకొచ్చిందనుకో” అంటూ టీ గ్లాసు అందుకున్నాడు.

“రాళ్ళు పెట్టావా?”

“పెట్టకపోతే నువ్వూరుకుంటావా?”

“మరి తీశావా?”

“తీశానక్కా, ఒట్టు. బావనలా చూశాక కూడా వదిలేస్తానా?”

ఆమె మనసు చల్లబడింది. అంతలో పాలవాడు కుంటుకుంటూ లోపలికి వచ్చాడు. మోచెయ్యంతా గీరుకుపోయి నెత్తురు కారుతోంది.

“ఏ వెధవ పెట్టాడో గానీ, మలుపులో నడిరోడ్డు మీద రాళ్ళు! ఇంకాస్తయితే బస్సు కింద పడేవాణ్ణి. పాలన్నీ నేలపాలు!”

తమ్ముడి చేతిలో గ్లాసు నోటిదాకా పోలేదు. ఆమె వాడి మొహంలోకి చూసింది. వాడు తల దించుకున్నాడు.

“ఎండ మండిపోతోందక్కా... ఎలాగూ నువ్వు తీస్తావు కదా అని... డ్రైవర్లందరం అదే అనుకుంటాం.”

ఆమెకు ఒళ్ళంతా కంపరం పుట్టింది. ఇన్నాళ్ళూ వీళ్ళ పాపం కడుగుతున్నాననుకుంది. దాన్ని పెంచి పోషించింది తనేనన్నమాట! రాళ్ళక్కట, రాళ్ళక్క!

“నడు” అని వాడి కాలరు పట్టుకుని మలుపు దాకా లాక్కెళ్ళింది. ఒక్కొక్క రాయీ వాడి చేతే ఎత్తించింది. ఆఖరిది మాత్రం పారేయనివ్వలేదు.

“ఇది బండిలో పెట్టుకో. ఇంటికెళ్ళి, ఎక్కడిదో మీ బావకు చెప్పు.”

“అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. బావకు మాత్రం చెప్పొద్దే.”

“నేనెందుకు చెప్తాను? నువ్వే చెప్తావు.”

లారీ ఇంటివైపు తిరిగేదాకా ఆమె ఎండలో అక్కడే నిలబడింది.