బండెత్తు బంగారం

కాశిబుగ్గలో రాజమౌళి ఇంటికి ఎవరొచ్చినా మగ్గాల అర్రలో నిలబెట్టిన పాత మోటారు సైకిలును చూసి, గొంతు కొంచెం తగ్గించి, "నాయిన గుర్తా?" అని అడుగుతారు. రాజమౌళికి ఒళ్లు మండుతుంది. వాళ్ల నాయిన కట్టయ్య ఆ బండిని తిట్టకుండా ముఖం కడుక్కున్న రోజు లేదు. కంపెనీ ఎప్పుడో మూతబడ్డ టూ స్ట్రోకు బండి అది. ఇంటి నుంచి తనంతట తాను పోయిందే కాని తనంతట తాను తిరిగొచ్చింది లేదు. ట్రాలీ ఎక్కి వచ్చింది, ఎడ్లబండి ఎక్కి వచ్చింది, ఒకసారి డోర్నకల్‌లో చుట్టాల పెండ్లికి పోయి రైల్లో పార్సిలై వచ్చింది. కట్టయ్య పోయేముందు కొడుకును దగ్గరికి పిలిచి, "దాన్ని అమ్మకు బిడ్డా, కొన్నోని ఉసురు మనకు తగుల్తది" అన్నాడు. దాన్నే గల్లీలో అందరూ తండ్రి ఆఖరి కోరికగా చెప్పుకుంటారు.

మరి ఎందుకు బాగుచేస్తున్నావంటే రాజమౌళి చెప్పే జవాబు ఒక్కటే. "ఎందుకు నడువదో సూద్దామని."

ఇంతకంటే నికరమైన కారణం నేను వినలేదు. పాత బండ్లకు ఆత్మ ఉంటుందనీ, ఆ చప్పుడులో ఒక కాలం పలుకుతుందనీ రాసేవాళ్లున్నారు. ఇనుముకు ఆత్మే ఉంటే ముందు తుప్పు సంగతి మాట్లాడేది.

రాజమౌళి యాభై దాటిన మనిషి, జంపకానాలు నేస్తాడు. అర్రలో రెండు గుంత మగ్గాలుండేవి. ఒకదాని మీద ఇప్పటికీ నేత నడుస్తోంది. రెండోది కట్టయ్యతోనే పోయింది, దాని గుంత మిగిలింది. రాజమౌళి ఆ గుంత మీద రెండు దూలాలు పరిచి బండిని ఎక్కించాడు. తను గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే ఇంజను సరిగ్గా మొహానికెదురుగా వస్తుంది. "గొంతుక్కూసుంటే నాకు చేతులు పనిచెయ్యయి" అంటాడు. విప్పిన ప్రతి బోల్టుకూ గుర్తుగా ఒక రంగు పోగు కట్టాడు. కొత్త వైర్లను మగ్గం మీద పడుగు పోగులు సాపు చేసినట్టు సాపుచేసి, నూలుతోనే ముడులేశాడు. అటు నుంచి పోతున్న మెకానిక్ ఒకడు తొంగిచూసి, "అన్నా, గిది బండా, బతుకమ్మా?" అని నవ్వి పోయాడు.

నవ్వనిది రాజమౌళి భార్య సుకన్య. పక్క మగ్గం మీద నేసిన జంపకానా ఒకటి, తెల్ల పట్టీ మీద నల్లటి ఆయిలు మరకతో, నేతగాళ్ల సొసైటీ నుంచి తిరిగొచ్చింది. ఆమె దాన్ని తెచ్చి బండి మీదనే కప్పింది.

"ఇగో ఇను. మేడారం జాతర్లోపట ఇది ఇంట్లకెల్లి ఎల్లాలె. నడుసుకుంట పోతదో, సమ్మయ్య కాటాకు పోతదో, నీ ఇష్టం."

సమ్మయ్యది గల్లీ చివర పాత ఇనుప సామాను దుకాణం. ఆ బండి మీద అతనికి కట్టయ్య ఉన్నప్పటి నుంచే కన్ను. ఎదురుపడితే రాజమౌళిని పలకరించేవాడు కాదు, "బండి బాగున్నదా అన్నా?" అనేవాడు.

రాజమౌళి కిక్కు కొట్టాడు. చలికాలమంతా కొట్టాడు. ప్లగ్గు మార్చాడు, కార్బురేటర్‌ను కిరసనాయిలులో నానబెట్టాడు, కొట్టాడు. కిక్కు తిరగబడి పిక్క వాచింది, రెండో కాలితో కొట్టాడు. గోడవార మంచం మీద కూర్చున్న వాళ్లమ్మ చిలుకమ్మ, వక్కలు కత్తిరించుకుంటూ, "తల్లికి మొక్కుకోరాదు బిడ్డా" అని రోజూ అంటూనే ఉంది. రాజమౌళికి మొక్కులంటే చిరాకు. "ప్లగ్గుల కరెంటు లేకుంటే తల్లేం చేస్తదే అవ్వా?" అనేవాడు.

ఒకరోజు పొద్దున సహనం పోయింది. ఎకసెక్కంగానే, పళ్లు కొరుకుతూ, "సమ్మక్క తల్లీ, ఇది స్టార్టయితే బండెత్తు బంగారం ఇస్త పో!" అని ఒక్క తన్ను తన్నాడు.

స్టార్టయింది.

అర్రంతా తెల్లటి పొగ. సుకన్య వంటింట్లోంచి దగ్గుకుంటూ పరుగెత్తుకొచ్చింది. పొగలోంచి చిలుకమ్మ గొంతొక్కటే వినిపించింది. "ఇన్నవా కోడలా? బండెత్తు అన్నడు!"

మేడారంలో బంగారమంటే బెల్లమని ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. కోరిక తీరినవాళ్లు మనిషి ఎత్తు బెల్లం తూచి తల్లులకు అప్పజెబుతారు. మనిషెత్తు ఎవరైనా ఇస్తారు. బండెత్తు ఇస్తానన్నవాడు, నాకు తెలిసినంతలో, రాజమౌళి ఒక్కడే.

ఇంజను చల్లారక ముందే వాదన మొదలైంది. స్టార్టయింది ఇంజనే కాబట్టి ఇంజనెత్తు ఇస్తే చాలన్నాడు రాజమౌళి.

"మనిషిని తూసేటప్పుడు గుండెకాయ ఒక్కటే తూస్తర్రా?" అంది చిలుకమ్మ.

"మరి పెట్రోలు తీసేస్త."

చిలుకమ్మ వక్క ముక్క నోట్లో వేసుకుంది. "తియ్యి. మొక్కు తూకం ఉపాసంతోనే తూగాలె."

దాంతో ధైర్యం వచ్చి, వారం తర్వాత మిగతా సామానంతా బిగించాక, రాజమౌళి ఇంకో అడుగు వేశాడు. మొక్కిన పూట బండికి మడ్‌గార్డుల్లేవు, లైటు లేదు, క్యారియర్ లేదు. అవన్నీ తర్వాత బిగించినవి. కాబట్టి మొక్కిన పూట ఉన్న బరువే లెక్క. ఈ వాదన ఏ కోర్టులోనైనా నిలిచేదే. చిలుకమ్మ దగ్గర నిలవలేదు.

"నువ్వు నా కడుపుల పడ్డనాడు మొక్కిన. నీకు మీసాలొచ్చినంక తూసిన. అప్పుడు నేను, కడుపుల ఉన్నప్పుడు గింతే ఉండె తల్లీ అని బేరం చేసిన్నా?"

అంటే తూచిన రోజు బరువే బరువు. రాజమౌళి ఆ రాత్రంతా ఆలోచించి, తెల్లారి పానా తీసుకుని గుంతలో దిగాడు. కష్టపడి బిగించినవన్నీ విప్పడం మొదలుపెట్టాడు. ముందు మడ్‌గార్డులు పోయాయి. తర్వాత లైటు, హారను, సైడు డబ్బాలు. స్టాండు కూడా తీసేశాక బండి కల్లు కాంపౌండు బయటి మనిషిలా గోడకు ఆనుకుంది. మిగిలింది ఇంజను, ఖాళీ ట్యాంకు, రెండు చక్రాలు. బండ్లు బాగుచేసేవాళ్లు చాలామంది ఉంటారు. దేవుడికి బరువు తక్కువ చూపించడానికి బాగుచేసిన బండిని పాడుచేసినవాడి పేరు మాత్రం రాసిపెట్టాల్సిందే.

"ఇది నడుస్తదా ఇప్పుడు?" అంది సుకన్య.

"తూకం కానియ్యి. మళ్ల బిగిస్త."

"జాతర్లోపట అన్న."

"యాదికుంది తల్లీ."

తూచడం ఎక్కడ? బెల్లం సేటు దగ్గరికి పోతే, జాతర బెల్లం సారా బట్టీలకు పోకుండా ఎవరి ఎత్తో రాసుకోవాలి, ఆధార్ కార్డేదన్నాడు. బండెత్తు అంటే నిమిషం సేపు కళ్లద్దాల పైనుంచి చూసి, "అయితే ఆర్సీ తీస్కరా" అన్నాడు. పైగా అతని కాటా మనుషుల వరకే. మోటారు సైకిలు పట్టే కాటా ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. అది సమ్మయ్యది.

రాజమౌళి అస్థిపంజరాన్ని తోసుకుంటూ పోయాడు. సమ్మయ్య ఎదురొచ్చి స్వయంగా చెయ్యేసి కాటా మీదికి ఎక్కించాడు. తూకం చూసి రాజమౌళి మొహం వెలిగింది, అనుకున్నదానికంటే తక్కువ. అంతలో దుకాణం ముందు ఆటో ఆగింది. సుకన్య చెయ్యి పట్టుకుని చిలుకమ్మ దిగింది. వెనక సీటులో, మరక జంపకానాలో మూటగట్టి, మడ్‌గార్డులు, లైటు, హారను, స్టాండు.

"తల్లి కండ్లల్ల మన్ను గొడ్తవారా?" అంటూ ఆ ముసలామె ఒక్కొక్కటీ తెచ్చి కాటా మీద పెట్టింది. హారను పెట్టేటప్పుడు ఒకసారి నొక్కి కూడా చూసింది. ముల్లు పోయి ఎక్కడో ఆగింది. రాజమౌళి అటు చూడలేదు.

"అయిపాయె, దింపు" అన్నాడు.

సమ్మయ్య కదల్లేదు. అతను భారీ మనిషి, కదలాలంటే కారణం ఉండాలి. "దింపుడు లేదన్నా. దుకాణం తెరిసినప్పటిసంది నా కాటా ఎక్కిన సామాను దిగి ఇంటికి పోలే. పోతే నాకు అచ్చిరాదు. రేటు మంచిగ ఇస్త." అతని పనివాడు అలవాటుగా సుత్తె పట్టుకుని చక్రం దగ్గర కూర్చున్నాడు.

"అది తల్లి పేరు మీద తూగింది. ముట్టు, సూస్త!" అంది చిలుకమ్మ.

పనివాడు సుత్తె కింద పెట్టాడు. సమ్మయ్య కూడా మెత్తబడ్డాడు. ఆ సమ్మక్క తల్లి వరాన పుట్టాడని పెట్టిన పేరు అతనిది. ఒకవైపు తల్లి, ఒకవైపు కాటా. రెండిటికీ నొప్పి తగలని ఉపాయం వెతికాడు. "సరే పెద్దమ్మా. తోసుకుంట దింపితే సామాను, అది నాది. స్టార్ట్ చేసి నడుపుకుంట దిగితే బండి, మీది."

రాజమౌళి సీసాలో తెచ్చిన పెట్రోలు ట్యాంకులో పోశాడు. కాటా మీదనే బండెక్కి కిక్కు కొట్టాడు. కాటా ఊగింది, బండి పలకలేదు. మళ్లీ కొట్టాడు. జనం పోగయ్యారు. చెమట కారుతోంది, పాత పిక్క నొప్పి లేచింది. చలికాలమంతా పడ్డ కష్టం ఇప్పుడీ ఇనుప కుప్పలో కలిసిపోతుందని అతని మొహం చూసిన ఎవరికైనా తెలుస్తోంది.

"మొక్కు బిడ్డా, ఇంకోసారి మొక్కు" అంది చిలుకమ్మ.

రాజమౌళి నోరు తెరిచాడు. సుకన్య కాటా ఎక్కి అరచేత్తో ఆ నోరు మూసింది. "ఇంకో బండెత్తు యాడికెల్లి తెస్తవ్?"

సమ్మయ్యకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూసినా తెరిసినా గంతే వదినే! నాయిన నూకిండు, కొడుకు తన్నిండు, అది ఇనుమే. గిది స్టార్టయితే నా ఎత్తు బంగారం నేనిస్త మేడారంల, పో!"

సుకన్య మొహం మారింది. నెలల నుంచి మొగుణ్ణి ఆమె అనని మాట లేదు. కాని అవి ఆమె అనాల్సిన మాటలు, సమ్మయ్య అనాల్సినవి కావు. చీర కుచ్చెళ్లు సర్దుకున్నట్టు వంగి, ట్యాంకు కిందికి చెయ్యి పోనిచ్చి, పెట్రోలు నల్ల తిప్పింది. ఉపవాసం కోసం రాజమౌళి కట్టేసిన నల్ల అది. ఉపవాసం విడిపించడం మరిచిపోయి తన్నుతున్నాడు. నెలల తరబడి అతని గొణుగుడు వింటూ అన్నం వండిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

"ఇప్పుడు కొట్టు" అంది.

కొట్టాడు. పొగ సమ్మయ్య నోట్లోకే పోయింది. రాజమౌళి కాటా మీదినుంచి సడక్ మీదికి బండిని దూకించి, ఆపితే ఏమవుతుందోనని భయపడి, ఆపకుండా ఇంటివైపు పోయాడు. మడ్‌గార్డుల్లేని చక్రం వెనకాల బురద నిలువుగా లేచింది.

"సూసినవా తల్లి మహిమ!" అని చిలుకమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. సుకన్య ఆ మాటను దిద్దలేదు. దిద్దితే సమ్మయ్య మొక్కు చెల్లకుండా పోతుంది. అతనికి ఆ నల్ల సంగతి ఇవాళ్టి వరకు ఎవరూ చెప్పలేదు. ఇది చదివి ఎవరైనా చెబితే నా పూచీ లేదు.

చిలుకమ్మ మడ్‌గార్డులు, లైటు మళ్లీ మూటకెత్తించి, ఖాళీ అయిన కాటా వైపు చెయ్యి చూపించింది. "ఎక్కు బిడ్డా."

"రేపు ఉపాసముండి ఎక్కుత పెద్దమ్మా."

"రేపే ఎక్కు. ఉపాసం తప్పు గాదు."

సమ్మయ్య తన కాటాను, జీవితంలో మొదటిసారి, అమ్మేవాడు చూసినట్టు చూశాడు. తర్వాత, రేపటి తూకానికి ఇవాళే అన్నట్టు, చేతి కడియం తీసి బల్ల మీద పెట్టాడు. గడియారం తీశాడు, ఉంగరాలు తీశాడు. జేబులోంచి ఫోను, తాళాలగుత్తి తీశాడు. బెల్టు విప్పుతూ, ఇంకేం తీయొచ్చా అని తన ఒంటినే పైనుంచి కిందికి చూసుకుంటున్నాడు, సరిగ్గా రాజమౌళి గుంతలో కూర్చుని బండిని చూసినట్టు.